ఎవరూ చదవలేని పేరు కోసం ఒక తగాదా

ఈ పని ఏమిటంటే

నేను సూరత్‌లో నలభై ఏళ్ల పాటు ట్రేడ్‌మార్కు వకీలుగా బతికాను. ఈ లైన్లోకి వద్దామనుకునే పిల్లలకు ముందే చెబుతున్నాను. ఇందులో హత్యలుండవు, సాక్షి బోనులో కళ్లు తిరిగి పడిపోవడం ఉండదు. ఒకడి పేరు ఇంకొకడు పెట్టుకుంటాడు. మొదటివాడు ఏడుస్తాడు. ఆ ఏడుపును మనం ఇంగ్లీషులోకి మార్చి, పేరాలకు నంబర్లు వేసి, జడ్జిగారి ముందు పెడతాం. అది ఏడుపు కాదు, నటన అని రెండోవాడి వకీలు ఇంకా మంచి ఇంగ్లీషులో రాస్తాడు. స్థూలంగా ఇంతే.

ఈ పనికి సూరత్ చాలా అనువైన ఊరు. ఇక్కడ చీరకు పేరుంటుంది, చీర పెట్టే డబ్బాకు వేరే పేరుంటుంది, డబ్బాకు కట్టే రిబ్బనుకు కూడా ఒక పేరుంటుంది. ఏ పేరైనా బాగా నడిస్తే మరుసటి దీపావళికి దాని ముందు 'న్యూ' చేరుతుంది. ఆ పై దీపావళికి 'శ్రీ న్యూ'. నా ఇల్లు చాలావరకు ఆ 'న్యూ'ల మీదే గడిచింది కనుక వాటి గురించి చెడ్డగా మాట్లాడను.

నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు వంటివి ఇందులో ఉండవు. కప్పింది ఒక్కటే శాలువా. ఊరి ఆచారం ప్రకారం అదీ పాలిస్టరే.

దేశాయ్ సాహెబ్ ప్రశ్న

నాకు పని నేర్పింది దేశాయ్ సాహెబ్ అనే సీనియర్. కోర్టులో నిద్రపోయేవారు. అదేమంత విశేషం కాదు, చాలామంది పోతారు. కానీ ఆయన తన వాదన వంతు వచ్చేసరికి సరిగ్గా లేచేవారు. ఫైలు చదివే అలవాటు లేదు. ఆ పని నాది. ఆయనకు తెలిసిందల్లా క్లయింటును ఒక ప్రశ్న అడగడం.

"చివరిసారి మీరిద్దరూ కలిసి ఏ పెళ్లిలో భోంచేశారు?"

నేను మొదటిసారి విన్నప్పుడు ముసలాయనకు మతి తప్పిందనుకున్నాను. క్లయింటు ఒక ఫర్సాణ్ దుకాణం యజమాని. ఫర్సాణ్ అంటే గాఠియా, సేవ్ లాంటి కారపు తినుబండారాలు. తమ్ముడు అదే పేరుతో వీధి చివర ఇంకో దుకాణం తెరిచాడని వచ్చాడు. నేను రిజిస్ట్రేషను, ముందస్తు వాడకం అంటూ ఏదో చెబుతున్నాను. సాహెబ్ పెళ్లి గురించి అడిగారు. ఆ పెద్దమనిషి ముఖం మాడిపోయింది. చివరికి తేలింది ఏమిటంటే, తమ్ముడు తన కూతురి పెళ్లికి ఫర్సాణ్ వేరే దుకాణం నుంచి తెప్పించాడు. తగాదా పుట్టింది అక్కడ. పేరు తర్వాత వచ్చింది.

ఆ కేసు మేము గెలిచాం. మరీ గెలిచాం. తమ్ముడు బోర్డు దించేశాడు, ఊరు వదిలి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అన్న దుకాణంలో బేరాలు పడిపోయాయి. ఇద్దరిలో ఎవరి గాఠియా అసలుదో తేల్చుకోవడానికే జనం ఆ వీధికి వచ్చేవారట. తేలిపోయాక ఎవరికి ఆసక్తి? అన్న మా ఆఫీసుకు వచ్చి, తమ్ముణ్ని వెనక్కి రప్పించడానికి ఏదైనా సెక్షను ఉందా అని అడిగాడు. లేదని చెప్పాను. కేసు గెలవడం గురించి నాకున్న అభిప్రాయాలు చాలావరకు ఆ రోజు ఏర్పడ్డవే.

షెడ్డులో సంగీతం

చివరి కొన్నేళ్లు నేను వాదించడం మానేసి మధ్యవర్తిగా కూర్చున్నాను. ఇలాంటి వ్యాపారపు తగాదాల్లో మరీ అత్యవసరమైతే తప్ప దావా వేసే ముందు మధ్యవర్తి దగ్గరికి రావాలని చట్టం. కక్షిదారులు మా గదిని పళ్ల డాక్టరు వెయిటింగ్ రూములా చూస్తారు. అసలు నొప్పి లోపలుంది, ఇక్కడ ఊరికే కూర్చోబెట్టారని వాళ్ల భావం.

ఒకసారి ఒక మెటల్ బ్యాండు ఫైలు వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది దాని కథే. మా గదిలో మాటలు బయటపెట్టకూడదు కనుక మనుషుల పేర్లూ బ్యాండు పేరూ మార్చాను. సంబంధించిన ముగ్గురికీ రాసింది చూపించాను. ముగ్గురూ చదివి, మిగతా ఇద్దరి గురించి రాసింది మాత్రం పూర్తిగా నిజమని ఒప్పుకున్నారు.

మెటల్ అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. బాధ్యత కనుక విన్నాను. నాకు తెలిసిన ఇళ్లలో అలాంటి శబ్దం వస్తే మెకానిక్కును పిలుస్తారు.

వాది అనిల్, గిటారు వాయిస్తాడు. ప్రతివాది రమేశ్, పాడతాడు. పాడతాడని మర్యాదకు అంటున్నాను. కడుపులోంచి గర్జిస్తాడు, అది కష్టమైన విద్యేనట. ఇద్దరూ మన సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబాల పిల్లలు, పుట్టి పెరిగింది సూరత్‌లోనే. అనిల్ తండ్రికి భేస్తాన్‌లో అద్దె షెడ్డులో కొన్ని పవర్‌లూములున్నాయి. మనవాళ్లు వాటిని సాంచెలంటారు. బ్యాండు పేరు అదే, సాంచె.

పేరు అక్కణ్నుంచే ఎందుకు వచ్చిందంటే, వీళ్ల సాధన ఆ షెడ్డులోనే. ఊళ్లో ఇంకెక్కడ వాయించినా పక్కింటివాళ్లు పోలీసులను పిలిచేవారు. నడుస్తున్న సాంచెల మధ్య వాయిస్తే ఎవరికీ తేడా తెలియదు. దీన్ని అనిల్ నా దగ్గర కొంచెం గర్వంగానే చెప్పాడు.

"ఒకనాడు మేం పాట మధ్యల ఆపినం సార్. మా నాయిన ఉరికొచ్చి, ఏ సాంచె ఆగిందిరా అని ఒక్కొక్కటి చూసుకుంట పోయిండు."

అలా నలుగురు కుర్రాళ్లు పేరు తెచ్చుకున్నారు. ముంబయి, పుణె, బెంగళూరు వెళ్లి వాయించారు. నల్ల టీషర్టుల జనం వీళ్లకోసం తలలు ఊపారు. ఈ మధ్యలో రమేశ్ అనిల్ అక్క సరితను పెళ్లి చేసుకున్నాడు. ప్రేమ ఆ షెడ్డులోనే మొదలైందట. అంత శబ్దంలో ఎవరు ఎవరితో ఏమన్నారో నేను అడగలేదు. మొత్తానికి వాదికి ప్రతివాది బావ అవుతాడు. తగాదా వచ్చాక మిగిలిన ఇద్దరిలో డ్రమ్ములవాడు రమేశ్ వైపు వెళ్లాడు. నాలుగోవాడు తన గిటారు అమ్మేసి ఇచ్ఛాపూర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరాడు. ఈ కేసులో ప్రశాంతంగా ఉన్న మనిషి అతనొక్కడే.

తీగె, ముళ్లు

మెటల్ బ్యాండ్లకు ఒక ఆచారముంది. పేరు రాసే బొమ్మ ఎవరికీ చదవరాకూడదు. ఎంత చదవరాకపోతే అంత గొప్ప. సాంచె బొమ్మ ఈ లెక్కన చాలా గొప్పది. తుమ్మకొమ్మలు కత్తులతో యుద్ధం చేసి రెండూ ఓడిపోయినట్టు ఉంటుంది. నేను దాన్ని అద్దాలు పెట్టుకుని చూశాను, తీసేసి చూశాను, తిప్పి చూశాను. అక్షరం కనబడలేదు. అయినా వీళ్ల అభిమానులు అర కిలోమీటరు నుంచి గుర్తుపడతారట.

బావతో చెడ్డాక అనిల్ ఆ బొమ్మను రిజిస్టరు చేయించాలనుకున్నాడు. తెలివైన పనే. అయితే వెళ్లింది రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో ఉండే ఒక ఏజెంటు దగ్గరికి. ఆయన జీవితమంతా చీరల పేర్లు తప్ప వేరేవి చూసినవాడు కాదు. అనిల్ ఫోనులో బొమ్మ చూపించాడు. ఆయన రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి మెచ్చుకున్నాడు.

"బార్డర్ బఢియా హై భాయ్. జార్జెట్ మీదనా?"

అనిల్ అది జోకనుకుని నవ్వి వచ్చేశాడు. ట్రేడ్‌మార్కు చట్టంలో సరుకులకూ సేవలకూ వర్గాలుంటాయి. ఏ వర్గంలో రాయిస్తే ఆ వర్గానికే రక్షణ. ఏజెంటు బొమ్మను బట్టల వర్గంలో రాయించాడు. సర్టిఫికెట్టు వచ్చింది. దాని ప్రకారం అనిల్ అనుమతి లేకుండా ఈ దేశంలో ఎవరూ సాంచె బొమ్మను చీర మీద అచ్చువేయకూడదు. వేదిక మీద గర్జించదలచుకుంటే ఎవరైనా గర్జించవచ్చు. టీషర్టుకు కూడా అది పనికిరాదు, కుట్టిన బట్టల వర్గం వేరు. ఆ సర్టిఫికెట్టును అనిల్ ప్లాస్టిక్ కవరులో పెట్టి గదికి తెచ్చి, బావ ముందు పరిచాడు. రమేశ్ చదివి చాలాసేపు నవ్వాడు. మధ్యవర్తిత్వం మంచిగా మొదలైందని చెప్పలేను.

పిల్లలూ, ఆ ఏజెంటును వెక్కిరించకండి. సర్టిఫికెట్టు చదవకుండా ఫ్రేము కట్టించిన క్లయింట్లను నేను లెక్కలేనంత మందిని చూశాను. వాళ్ల వకీళ్లనూ చూశాను.

గదిలో

ఇద్దరి తరఫునా గుజరాతీ వకీళ్లు వచ్చారు. కక్షిదారులకు కోపం వస్తే తెలుగే వచ్చేది. వకీళ్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. దీనివల్ల పని ఎంత సులువైందో చెప్పలేను.

నేను దేశాయ్ సాహెబ్ ప్రశ్న అడిగాను. చివరిసారి ఇద్దరూ ఏ పెళ్లిలో భోంచేశారు?

"పెండ్లిల్నే అయింది సార్ లొల్లి!" అన్నాడు అనిల్. "పర్వత్ పాటియా బస్తీల మా పెద్దనాయిన బిడ్డ పెండ్లి. నేను తినెతందుకు పోయిన. ఫ్లెక్సీ మీద ఏమున్నది తెల్సా? సాంచె ఆర్కెస్ట్రా. మా బొమ్మ. కింద గులాబి పూలు. స్టేజి మీద ఈయన. దేనికి పాడుతున్నడు? నాగిని డాన్సుకు!"

"వీళ్ల పెద్దనాయిన పాడుమన్నడు, పాడిన," అన్నాడు రమేశ్. "సుట్టాల పెండ్లిల గర్జించాల్నా? పెండ్లిపిల్ల జడుసుకోదా?"

"పేరెందుకు వెట్టినవ్?"

"ఉన్న పేరు వెట్టిన. లేని పేరు యాడికెల్లి తేవాలె?"

"నాగిని డాన్సుకు, సార్!"

"జనం లేసి ఎగిరిండ్రు సార్. మన షోలల్ల తలకాయలూపుతరు, గంతే. ఈడ డెబ్బై ఏండ్ల ముసలమ్మ ఎగిరింది."

"సూశిండ్రా? శరం గూడ లేదు. ముసలమ్మ ఎగిరిందంట, షాన్‌గ చెప్తుండు."

అనిల్ వకీలు నా వైపు వంగి, "శుం కహ్యుం?" అన్నాడు. ఏమన్నారని. ఉమ్మడి పేరును ప్రతివాది వేరే రకం సేవకు వాడారని వాది ఆరోపణ అని చెప్పాను. ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. ముసలమ్మ ఎగరడాన్ని ప్రజాదరణ అని తర్జుమా చేశాను. రెండో వకీలు దాని కింద గీత గీసుకున్నాడు.

ఆ రోజు ఏమీ తేలలేదు. పేరు తన తండ్రి షెడ్డుది కనుక తనదని అనిల్, ఆ పేరు నలుగురికీ వినిపించిన గొంతు తనది కనుక తనదని రమేశ్. ఇద్దరూ నమ్మకంగానే చెప్పారు. అదే ఇబ్బంది. అబద్ధమాడేవాడిని ఒప్పించవచ్చు, ఏదో ఒకచోట అలసిపోతాడు.

సరిత

రెండో రోజు సరిత వచ్చింది. ఎవరూ పిలవలేదు. చంకలో కూతురు, చిట్టి. పాపకు మూడో ఏడు నడుస్తోంది. జుట్టు నడుము దాకా ఉంది. బ్యాండులో అందరి జుట్టూ చూశాను, వాళ్లెవరూ పోటీకి నిలబడరు. రమేశ్ వకీలు ముచ్చటపడి, ఎంత చక్కటి జుట్టు అని గుజరాతీలో మెచ్చుకున్నాడు. సరిత అదే భాషలో ఆయనకు జవాబిచ్చింది, తర్వాత నాకు తెలుగులో చెప్పింది.

"చక్కదనం గాదు సార్, మీ కేసు అది."

సంగతి ఇది. పిల్లలకు పుట్టెంటికలు తీసేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి మూడు కత్తిరింపులు వేయాలి. ఆ తర్వాతే మంగలి చెయ్యి పడాలి. తీస్తే మొదటి ఏట తీయాలి, తప్పితే మూడో ఏట. ఇది దాటిందా, ఐదో ఏడు దాకా ఆగాలి. మొదటి ఏడు షోల హడావిడిలో పోయింది. మూడో ఏడు ఈ తగాదాలో పోతోంది. సరితకు ఉన్నది ఒక్కడే తమ్ముడు.

"రమ్మంటె మా తమ్ముడు ఏమన్నడో అడుగుండ్రి," అంది.

అనిల్ తల వంచుకున్నాడు. "మా వకీల్ సాబ్ వద్దన్నడు. ప్రతివాది ఇంటి ఫంక్షన్ల కత్తెర వడితె, ఆయన హక్కులు ఒప్పుకున్నట్లైతదంట. కేసు కమ్జోర్ అయితదంట."

నేను వకీలు వైపు చూశాను. కుర్రవాడు, మంచి మార్కులతో పాసై ఉంటాడు. అలాంటి సలహాలు మంచి మార్కులు వస్తేనే ఇవ్వగలం.

"ఈయనేమో," అని సరిత మొగుణ్ని చూపించింది, "వాడొస్తె నేను బయట నిలబడత అంటడు. ఇంట్ల మా అత్త పొద్దున లేస్తె అదే పాట. పిల్లకు చెమటకాయలు, దువ్వెన వెడితె ఏడుపు. వేరేటోన్ని ఎవర్నన్న మేనమామ లెక్క కూసోబెడదాం అన్నడు ఈయన. నాకు తమ్ముడు సచ్చిపోయిండా?"

"అక్కా," అన్నాడు అనిల్.

"అక్క యాద్కొచ్చిందా? సార్, వీడు మా ఇంటికి రాసిన మొదటి ఉత్తరం ఏదో తెల్సా? నోటీసు. రాఖీ పోస్టుల వంపితె అందిందని గూడ చెప్పడు. నోటీసు మాత్రం రిజిస్టర్ పోస్టు. ఈయన ఇంట్ల లేకుంటె నేనే సంతకం వెట్టి తీసుకున్న." పాపను ఇటు చంక నుంచి అటు మార్చుకుంది. బల్లకు ఒక పక్క తమ్ముడు, ఇంకో పక్క మొగుడు. "ఇప్పుడు చెప్పుండ్రి. నేను ఎవరి పక్క కూసోవాలె?"

చట్టంలో దీనికి నిబంధన లేదు. ప్యూనుతో కుర్చీ తెప్పించి నా పక్కన వేయించాను.

మధ్యవర్తి ఎవరికీ సలహా ఇవ్వకూడదు. కానీ ప్రశ్నలడగవచ్చు. ఈ రెంటికీ ఉన్న తేడా మీదే మధ్యవర్తులు బతుకుతారు. ఆమె ఏం పని చేస్తుందని అడిగాను. చీరల ప్రింటింగు కంపెనీలో డిజైన్లు గీస్తుందట, ముఖ్యంగా బార్డర్లు. నాకు ఏజెంటు గుర్తొచ్చాడు. బల్ల మీద సర్టిఫికెట్టు ఉంది. దాని మీది బొమ్మ చూపించాను.

"ఇది ఎవరు గీశారమ్మా?"

"నేనే. పెండ్లికి ముంగట. మామిడి పిందెల తీగె బార్డర్ ఒకటి సగం గీసి వెట్టిన, అది చూసి తమ్ముడు ఇదే కావాలన్నడు. ముండ్లు వెట్టుమన్నడు. ఈయన కత్తులు వెట్టుమన్నడు. వెట్టిన."

అంటే ఏజెంటు చూపులో తప్పేమీ లేదు. అది నిజంగానే బార్డరు.

"ఆఫీసులో గీశావా, ఇంట్లోనా?"

"ఇంట్ల. కుక్కర్ వెట్టి, సీటీలు లెక్కవెట్టుకుంట గీసిన."

"ఏమైనా ఇచ్చారా నీకు?"

"పానీపూరీ తినిపిస్తమన్నరు ఇద్దరు."

"తినిపించారా?"

"ఏడ సార్!"

వకీళ్లిద్దరికీ పానీపూరీ ఒక్కటే అర్థమై ఆశగా తలెత్తారు. వాళ్లకు వివరించాను. బొమ్మ హక్కు గీసినవాళ్లది. గీయించుకున్నవాళ్లు ప్రతిఫలం ఇచ్చి ఉంటే, లేదా ఆమె కంపెనీ పనిలో భాగంగా గీసి ఉంటే, కథ వేరుగా ఉండేది. వీళ్లిద్దరిలో ఎవరైనా ఒక్క ప్లేటు పానీపూరీ తినిపించి ఉంటే కూడా కొంత వాదించడానికి వీలుండేది. ఇప్పుడైతే ఈ బొమ్మ ఈమెది. పేరు ఎవరిదో మీరు పదేళ్లు వాదించుకోవచ్చు, కానీ ఆ పేరును ఇప్పటిదాకా ఎవరూ చదవలేదు. జనం గుర్తుపట్టేది బొమ్మను.

ఇద్దరు వకీళ్లు ఒకేసారి మాట్లాడకుండా ఉండటం నేను వృత్తిలో ఎక్కువసార్లు చూడలేదు.

ముందు రమేశ్ తేరుకున్నాడు. "గట్లైతె అయిపాయె గద సార్. నా పెండ్లాం గీసింది, అంటె నాదే."

"నీ పెండ్లాం గాకముందు గీసింది," అన్నాడు అనిల్. "అప్పుడు నాకు అక్కనే."

"నేను మీ షెడ్డుల సాంచెను గాదు, వాటాలేసుకోనీకి," అంది సరిత. ఆమె నా వైపు తిరిగింది. "సార్, రాసుకోండ్రి. ముందుగాల పిల్ల పుట్టెంటికలు. తమ్ముడు వచ్చి కత్తెర వట్టాలె. ఈయన పక్కన కూసోవాలె, బయట గాదు. అది అయ్యేదాక ఆ బొమ్మ ఇద్దరు వాడొద్దు. అటెనుక ఎవరికియ్యాల్నో నేను చెప్త."

"ఎప్పుడు?" అన్నారిద్దరూ.

"నా మనసుకొచ్చినప్పుడు."

వకీళ్లకు ప్రాణం లేచొచ్చింది, రాయడానికి ఏదో దొరికింది కనుక. అనిల్ వకీలు ఒక షరతు పెట్టకపోతే సంతకం పెట్టించనన్నాడు. వాది తన మేనకోడలి కేశాలు కత్తిరించినంత మాత్రాన ప్రతివాది హక్కులను అంగీకరించినట్టు కాదని, సదరు కత్తిరింపులు వాది హక్కులకు ఎలాంటి భంగం కలిగించవని రాశాం. మొదటి కత్తిరింపుకు ముందు వాది ఆ మాట పైకి అనాలని కూడా ఆయనే పట్టుబట్టాడు. నేను జీవితంలో ఎన్నో ఒప్పందాలు రాశాను. క్షవరం మీద అదొక్కటే.

మూడు కత్తిరింపులు

మనవాళ్ల బస్తీలోని మార్కండేయ గుడిలో ముహూర్తం. నన్ను కూడా పిలిచారు. ఒప్పందం అమలు చూడటం మధ్యవర్తి పని కాదు. అయినా వెళ్లాను. భోజనం ఉందన్నారు.

అనిల్ నల్ల టీషర్టు మానేసి తెల్లచొక్కా తొడుక్కొచ్చాడు. పిల్లకు కొత్త గౌను, పట్టీలు తెచ్చాడు. రమేశ్ పీట మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. కూర్చోవాలని రాశాం కానీ ఎటు చూడాలో రాయలేదు. చిట్టిని అనిల్ ఒళ్లో కూర్చోబెట్టారు. చాన్నాళ్లుగా చూడని మనిషి, పైగా చేతిలో కత్తెర. పాప కింది పెదవి బయటికొచ్చింది.

అయ్యగారు కానివ్వమన్నారు. అనిల్ జేబులోంచి కాగితం తీసి, గొంతు సవరించుకుని చదివాడు. "ఇప్పుడు నేను చేయబోవు కత్తిరింపులు నా హక్కులకు ఎట్టి భంగము లేకుండా చేయుచున్నాను."

అయ్యగారు దాన్ని వాళ్లింటి ఆచారమనుకున్నారు. అక్షింతలు వేసి "తథాస్తు" అన్నారు.

మొదటి కత్తిరింపు పడింది. చిట్టి అరిచింది. మామూలు అరుపు కాదు. గంట ఊగుతున్నదేమో అని ఒకరిద్దరు పైకి చూశారు. ఆడవాళ్లు ఊరుకోబెట్టబోయారు, అరుపు ఇంకా పెరిగింది. గోడ చూస్తున్న రమేశ్ మెల్లగా ఇటు తిరిగాడు. అతని ముఖంలో కనబడింది తండ్రి జాలి కాదు, వేరే ఏదో.

"గొంతుతోని గాదు బిడ్డా," అన్నాడు. "కడుపులకెల్లి అరువు. గొంతుతోని అరిస్తె రేపటికి బొంగురు వోతది."

"బావా, జర గమ్మునుండు!" అన్నాడు అనిల్. "చెవి కాడున్న."

అనేశాక కత్తెర ఆగింది. నోటీసు ఇచ్చినప్పటి నుంచి బావా అనడం అదే మొదలని సరిత తర్వాత చెప్పింది. అనిల్ ఆ మాట కూడా హక్కులకు భంగం లేకుండానే అన్నట్టు ముఖం పెట్టుకున్నాడు. చెవి అడ్డం రాకుండా రమేశ్ పిల్ల తలను రెండు చేతులతో పట్టుకున్నాడు. మిగతా రెండు కత్తిరింపులూ అలా పడ్డాయి. మిగిలిన పని మంగలి చేశాడు.

గుండు అయ్యింది, గంధం పూశారు. బావా బావమరదులిద్దరూ సరిత వైపు చూశారు. నేనూ చూశాను.

"గట్ల సూస్తరేంది?" అంది. "కావాల్సినోళ్లు ఇంటికొచ్చి అడగండ్రి. ఆదివారం పూట. మిగతా దినాలు నాకు డ్యూటీ ఉంటది."

ఆ తర్వాత

దావా పడలేదు. బొమ్మ హక్కు మూడో మనిషి చేతిలో ఉన్న కేసును కోర్టుకు తీసుకెళ్లడానికి ఏ వకీలూ ఉత్సాహపడడు. రమేశ్, డ్రమ్ములవాడు ఇంకో ఇద్దరిని కలుపుకుని ఒక పేరుతో వాయిస్తున్నారు. అనిల్ ఇంకో పేరుతో వాయిస్తున్నాడు. రెండు పేర్లనూ సులువుగా చదవవచ్చు, అందువల్ల అభిమానులు కొంచెం నిరుత్సాహంగా ఉన్నారట. ఇద్దరూ మళ్లీ కలిసి వాయించారని రాస్తే మీకు బాగుండేది. వాయించలేదు. ఒకరు తప్పని ఇంకొకరు ఇప్పటికీ అనుకుంటున్నారు. నాకైతే ఇద్దరూ సగం సగం కరెక్టే అనిపిస్తుంది. ముసలమ్మ విషయంలో మాత్రం రమేశ్‌దే న్యాయం.

లా చదివే పిల్లలకు ఒక్కటే చెబుతాను. క్లయింటు మన ముందు పెట్టే కాగితంలో ఉండేది అతను అడగడం నేర్చుకున్న సంగతి. అతనికి కావాల్సింది చాలాసార్లు అందులో ఉండదు. ఒక్కోసారి కావాల్సిన మనిషే ఆ కాగితంలో ఉండరు. ఇది నాకు తెలుసని నేను చాన్నాళ్లు అనుకుంటూ వచ్చాను. ఎంత తెలుసో ఈ మధ్య తేలింది.

పర్వత్ పాటియా కూరగాయల బజారులో సరిత కనబడింది. పక్కన చిట్టి. జుట్టు చెవుల దాకా వచ్చింది, రెండు రబ్బరు బ్యాండ్లు పెట్టారు. కుశల ప్రశ్నలయ్యాక అడిగాను.

"బొమ్మ ఎవరికిచ్చావమ్మా చివరికి?"

"ఇంక ఇయ్యలే సార్. తమ్ముడు ప్రతి ఆదివారం వస్తడు. అక్కా, ఏం జేసినవ్ అంటడు. సోచాయిస్తున్న అంట నేను. అన్నం తింటడు, పిల్లను ఎత్తుకోని జరసేపు తిప్పుతడు, పోతడు. ముందుగాల వాడు రాంగనె ఈయన లోపలి అర్రలకు పోతుండె. ఇప్పుడు తలుపు ఈయనే తీస్తుండు. మాట్లాడడు. తీస్తడు."

"ఇంత కాలం నాన్చడమెందుకు? ఎవరో ఒకరికి ఇచ్చేస్తే గొడవ వదులుతుంది కదా," అన్నాను. నలభై ఏళ్లు తగాదాలు తీర్చిన అలవాటు, ఊరికే పోదు.

సరిత బీరకాయలు ఏరడం ఆపి నా ముఖంలోకి చూసింది. పాపం, పెద్దాయన, బాగా చదువుకున్నాడు అన్నట్టుంది ఆ చూపు.

"ఇచ్చేస్తె, వాడు ఆదివారం ఎందుకొస్తడు సార్?"